ఎందరు కావాలి, ఎందుకు కావాలి

1967 నవంబరులో అమెరికా నుంచి వెలువడే 'సైన్స్' పత్రికలో పది పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. ప్రపంచ జనాభా పెరిగిపోతోందని గుండెలు బాదుకుంటున్న వాళ్లకే ఆ వ్యాసం మీద ఎక్కువ కోపం వచ్చింది. రాసిన మనిషి వాళ్లలో ఒకడు కావడమే అందుకు కారణం. 'జనాభా విస్ఫోటనం' అనే మాటను లోకంలో తిప్పినవాళ్లలో ముఖ్యుడు, ఇరవై ఏళ్లుగా పెరుగుదల ప్రమాదమని చెబుతూ వచ్చినవాడు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో సోషియాలజీ ప్రొఫెసరు కింగ్స్‌లీ డేవిస్. ఆ వ్యాసంలో ఆయన వేసిన ప్రశ్న చిన్నది. కుటుంబ నియంత్రణ కార్యక్రమం పని ఏమిటి? దంపతులు తమకు ఎందరు పిల్లలు కావాలో అందర్నే కనేలా సాయపడటం. మరి వాళ్లకు నలుగురు కావాలని ఉంటే? మాత్రలూ లూపులూ అందుబాటులో పెడితే ఐదోవాడు పొరపాటున పుట్టకుండా ఆగుతాడు. నలుగురు మాత్రం అనుకున్నట్టే, అనుకున్న వేళకే పుడతారు. జనాభా రెట్టింపవుతుంది, పక్కా ప్రణాళిక ప్రకారం.

దేశదేశాల ఆరోగ్య శాఖలు వేసిన లూపుల లెక్కా చేసిన ఆపరేషన్ల లెక్కా చూసుకుని సంబరపడుతున్న రోజులవి. డేవిస్ అది అసలు లెక్కే కాదన్నాడు. జనం ఎందరు కావాలనుకుంటున్నారు, ఎందుకలా అనుకుంటున్నారు అన్నది తేల్చుకోకుండా ఎన్ని పంచితే ఏం లాభమన్నాడు. ఆ ప్రశ్న ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చింది, దానికి ఆయన ఇచ్చుకున్న జవాబులు ఎంతవరకు నిలిచాయి అన్నదే ఇక్కడ నేను చూడదలచింది. నా మటుకు, ప్రశ్న నిలిచింది. జవాబుల్లో సగం నిలవలేదు. ఆ నిలవని సగానికి మన తెలుగు నేలే పెద్ద సాక్ష్యం.

డేవిస్ 1908 ఆగస్టు 20న టెక్సాస్ రాష్ట్రంలో టక్సీడో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మొదట ఇంగ్లీషు సాహిత్యం చదివాడు, తర్వాత తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. ఆ తర్వాత హార్వర్డు చేరి సోషియాలజీలోకి మారాడు. అక్కడ సొరోకిన్, టాల్కట్ పార్సన్స్, లాయిడ్ వార్నర్ వంటి ఉద్దండులు పాఠాలు చెబుతున్నారు. రాబర్ట్ మెర్టన్ అదే కాలపు విద్యార్థి. 1936లో డాక్టరేటు వచ్చింది. సిద్ధాంత గ్రంథం జనాభా మీద కాదు, బంధుత్వం మీద. అంటే ఆయన లెక్కల దారిన జనాభాలోకి రాలేదు. మేనరికం, వారసత్వం, పెళ్లి, ఇల్లరికం లాంటి విషయాలు ఆలోచించే దారిన వచ్చాడు. తర్వాత ఎన్ని పట్టికలు వేసినా ఆ పట్టిక వెనక ఒక ఇల్లు, ఆ ఇంట్లో అత్తగారు, కోడలు, పెళ్లికెదిగిన పిల్ల ఉంటారన్న ఎరుక ఆయన్ని వదల్లేదు. జనాభా శాస్త్రవేత్తల్లో అది అరుదు.

తొలి వ్యాసాల పేర్లు చూస్తేనే మనిషి తత్వం తెలుస్తుంది. అసూయ మీద ఒకటి, వేశ్యావృత్తి మీద ఒకటి, తల్లిదండ్రులకూ ఎదిగిన పిల్లలకూ మధ్య పేచీల మీద ఒకటి. మర్యాదస్తులు ముట్టుకోని విషయాన్ని ముట్టుకుని, దాన్ని తిట్టకుండా, అది సమాజంలో ఏ పని చేస్తోందని అడగడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికి ఉన్న లోపాలు తర్వాత ఆయన్నే ఇబ్బంది పెట్టాయనుకోండి.

వాటన్నిట్లోకీ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఒక పసిపిల్ల కథ. 1938 ఫిబ్రవరి 6న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వార్త పడింది. పెన్సిల్వేనియాలో ఒక పొలం ఇంటి మేడమీద, సామాన్లు పడేసే గదిలో, పాత కుర్చీకి కట్టేసి ఉన్న పిల్ల దొరికింది. వయసు ఐదేళ్లు దాటింది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ కావడంతో తాతకు కంటగింపు. తల్లి ఆ పిల్లను కన్నెత్తి చూడలేక, బయట కనబడనివ్వలేక మేడమీద పెట్టింది. పాలు పట్టేది, అంతే. డేవిస్ అప్పుడు పెన్ స్టేట్‌లో పాఠాలు చెబుతున్నాడు. వార్త వచ్చిన మర్నాడే అక్కడికి చేరాడు. పిల్ల నడవలేదు, మాట్లాడలేదు, ఎవరి వైపూ చూడదు. చెవుడేమో, గుడ్డేమో అనుకున్నారు మొదట. ఆయన ఆ పిల్లకు అన్నా అని మారుపేరు పెట్టి 1940లో ఒక వ్యాసం రాశాడు. దొరికిన తర్వాతి నాలుగేళ్లలో ఆ పిల్ల నడక నేర్చింది, పూసలు గుచ్చడం నేర్చింది, బొమ్మలతో ఆడుకుంది, చిన్న చిన్న మాటలు కలిపి చెప్పడం మొదలుపెట్టింది. 1942 ఆగస్టులో కామెర్లతో చనిపోయింది. అప్పటికి పదేళ్లు. 1947లో డేవిస్ మళ్లీ ఆ కథకు వచ్చి, ఒహాయోలో దొరికిన ఇంకో పిల్లతో పోల్చాడు. ఆ రెండో పిల్ల కూడా చీకటి గదిలోనే పెరిగింది. కానీ ఆమెతో పాటు మూగ, చెవిటి తల్లి ఉంది. దొరికాక నేర్పినవాళ్లూ నేర్పరులు. రెండేళ్లలో తోటి పిల్లలతో సమానమైంది. కడుపున పుట్టినంత మాత్రాన మనిషి కాడు, నలుగురి మధ్య పడితే అవుతాడు అన్నది ఆ రెండు వ్యాసాల సారం.

ఈ కథకూ జనాభాకూ ఏమిటి సంబంధం అంటారా? నాకు కనిపించేది ఇది. 'పిల్లల్ని కనడం' అనే మాటలో కనడం చిన్న ముక్క. పెంచడం, చదివించడం, నలుగురిలో నిలబెట్టడం పెద్ద ముక్క. ఆ పెద్ద ముక్క ఖర్చు ఎవరు భరిస్తున్నారు, లాభం ఎవరికి అందుతోంది అన్నదాన్ని బట్టి చిన్న ముక్క తేలుతుంది. డేవిస్ జీవితమంతా ఆ లెక్క చుట్టూనే తిరిగాడు.

1942లో ఆయన ప్రిన్స్‌టన్ చేరాడు. అక్కడి జనాభా పరిశోధన కార్యాలయం ఫ్రాంక్ నోట్‌స్టీన్ ఆధ్వర్యంలో ఆ శాస్త్రానికి పుట్టిల్లు లాంటిది. 1945లో డేవిస్ అక్కణ్ణుంచే ప్రపంచ జనాభా పరివర్తన మీద వ్యాసం రాశాడు. మానవ జాతి పెరుగుదలను సన్నటి పొడవాటి ఒత్తితో పోల్చాడు. వేల ఏళ్లు నెమ్మదిగా, ఆగి ఆగి కాలి, చివరికి మందుదాకా వచ్చి ఢామ్మని పేలిందన్నాడు. విస్ఫోటనం మాట అలా జనం నోళ్లలోకి వచ్చింది. మందుగుండు పోలికలు శాస్త్రానికి చేసే మేలు కంటే కీడే ఎక్కువని నా అనుమానం. పేలేదాన్ని ఎలాగైనా ఆర్పాలనిపిస్తుంది, ఎవరి చెయ్యి కాలినా సరే.

అదే ఏడాది ఆయనా విల్బర్ట్ మూర్ అనే మరో సోషియాలజిస్టూ కలిసి రాసిన కొద్ది పేజీల వ్యాసం, సామాజిక అంతరాల మీద, జనాభా వ్యాసాల కంటే ఎక్కువ తగవులు తెచ్చింది. సమాజానికి ముఖ్యమైన పనులకు, అరుదైన నేర్పు కావలసిన పనులకు, జనాన్ని రప్పించాలంటే ఎక్కువ ప్రతిఫలం ఇవ్వక తప్పదు, అందుకే అన్ని సమాజాల్లోనూ అంతరాలు ఉంటాయి అన్నది వాదం. 1953లో మెల్విన్ ట్యూమిన్ దీన్ని గట్టిగా విమర్శించాడు. పైనున్నవాళ్లు కిందివాళ్ల పిల్లల్ని పోటీలోకే రానివ్వకపోతే నేర్పు అరుదని ఎలా తేలుతుంది? మన పాఠకుడికి ఈ తగవు కొత్తగా అనిపించదు. కులం శ్రమ విభజన మాత్రమే అన్నవాళ్లకు, అది శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే జవాబు చెప్పి ఉన్నాడు. డేవిస్ కులాన్ని సమర్థించలేదు. అయినా ఏది ఉన్నా దానికో పని ఉండే ఉంటుంది అనే చూపుతో బయల్దేరితే అన్యాయం కూడా అవసరంలా కనిపిస్తుంది. 1959లో అమెరికన్ సోషియాలజీ సంఘానికి అధ్యక్షుడిగా మాట్లాడుతూ, ఆ చూపుకు ప్రత్యేకమైన పేరూ హోదా అక్కర్లేదని, సోషియాలజీ చేసే పనే అదని ఆయన తేల్చేశాడు. అక్కడితో ఆ చర్చ ముగిసిందని నేననుకోను. మన విషయం అది కాదు.

మన విషయం 1951లో ప్రిన్స్‌టన్ అచ్చువేసిన పెద్ద పుస్తకం, భారత పాకిస్తాన్‌ల జనాభా మీద. బ్రిటిష్ వాళ్లు మన దేశంలో పదేళ్లకోసారి జనాన్ని లెక్కపెట్టి గుట్టలుగా నివేదికలు వేశారు. కులం, వృత్తి, మతం, వయసు, కుంటి, గుడ్డి, అన్నీ రాసుకున్నారు. ఇంత సరుకు ఆసియాలో ఇంకే పెద్ద దేశానికీ లేదు. అయితే వయసు అడిగితే 'ఓ ముప్పై ఉంటాయి' అనే జనం, ఆడపిల్లల్ని లెక్కలో చెప్పని ఇళ్లు, పదేళ్లకోసారి మారే సరిహద్దులు. ఈ చిక్కులన్నీ విప్పుకుంటూ 1871 నుంచి 1941 వరకు ఏం జరిగిందో ఒక వరసలో చెప్పిన మొదటి పెద్ద ప్రయత్నం అది.

ఆ పుస్తకం తెరిస్తే మొదట కనిపించేది మరణం. 1911-21 దశకంలో పుట్టిన బిడ్డకు సగటు ఆయుర్దాయం సుమారు 20 ఏళ్లని డేవిస్ లెక్క. అందరూ ఇరవైకే పోతారని కాదు దానర్థం. పుట్టినవాళ్లలో చాలామంది పాలు మరవకముందే పోతుంటే మిగిలినవాళ్లు అరవై దాకా బతికినా సగటు అక్కడికి దిగుతుంది. ఆ దశకంలోనే 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దానివల్ల చనిపోయినవాళ్లు 2 కోట్ల దాకా ఉంటారని ఆయన అంచనా. తర్వాతి పరిశోధకులు ఆ అంకెను కొంత తగ్గించారు. ఇప్పటి భారత సరిహద్దుల లెక్కన 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.13 కోట్లకు తగ్గింది. పదేళ్లలో పెరగకపోగా తరిగింది. ఆ తర్వాత మళ్లీ తరగలేదు. 1931-41 దశకానికి ఆయుర్దాయం 32 దాకా పాకింది. అంటే జనాభా పెరిగింది జనం ఎక్కువ కనడం వల్ల కాదు. కన్నవాళ్లు దక్కడం వల్ల. డేవిస్ ఈ సంగతి పట్టుకుని, మరణాలు ఇంకా తగ్గుతాయి, జననాలు ఇప్పట్లో తగ్గవు, మధ్యలో ఏర్పడే ఎడమే రాబోయే సమస్య అన్నాడు. 1951లో 36 కోట్లున్న భారత జనాభా 1961కి 44 కోట్లకు చేరింది. జోస్యం తప్పలేదు.

పాత కాలం గురించి ఆయన చెప్పిన మాట మాత్రం అంత గట్టిది కాదు. అక్బరు చనిపోయేనాటికి దేశ జనాభా 10 కోట్లని మోర్లాండ్ అనే చరిత్రకారుడు వేసిన అంచనాను డేవిస్ పన్నెండున్నర కోట్లకు పెంచి, సుమారు రెండు వేల ఏళ్లపాటు జనాభా ఆ చుట్టుపక్కలే ఆగి ఉందన్నాడు. చరిత్రకారుల్లో కొందరు ఆ అంకెను పెంచారు, కొందరు తగ్గించారు. రెండు వేల ఏళ్లు దేశం ఒకే చోట నిలబడి ఉందనడం మాత్రం, నా దృష్టిలో, పట్టికలో ఖాళీ గడి నింపడానికి వేసిన అంకె చరిత్రగా చలామణీ కావడమే.

ఆ పుస్తకంలో వలసల అధ్యాయం నాకు మరీ ఇష్టం. 1834 నుంచి 1937 దాకా భారతదేశం నుంచి ఓడలెక్కినవాళ్లు 3 కోట్లకు పైనే అని, వాళ్లలో 2.4 కోట్ల దాకా తిరిగొచ్చారని ఆయన లెక్కగట్టాడు. శాశ్వతంగా ఆగిపోయినవాళ్లు 60 లక్షల పైచిలుకు. ఈ రాకపోకల్లో పెద్ద పాయ బర్మాది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో 'రంగం పోయాడు' అంటే చాలు, రంగూన్ అని విడమరచి చెప్పనక్కర్లేదు. కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడెక్కి, రంగూన్ రేవులో మూటలు మోసి, వరి మిల్లుల్లో పనిచేసి, నాలుగు రూపాయలు వెనకేసుకుని తిరిగొచ్చేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలని పిలిచేవారు. డేవిస్ ఈ పేర్ల జోలికి పోలేదు. కానీ వలస అంటే ఒక్కసారి వెళ్లిపోవడం కాదని, ఊరికీ రేవుకీ మధ్య తిరుగుతూ ఉండటమని ఆయన అంకెలు చెప్పినంత స్పష్టంగా అప్పటికి ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి వితంతువులు. ఆడపిల్లకు చిన్ననాడే పెళ్లి, వయసులో పెద్దవాడైన భర్త, పైగా మరణాలు అంత ఎక్కువ. ఫలితంగా పాతికేళ్లు నిండకముందే బొట్టు చెరుపుకున్నవాళ్లు ఎందరో. అగ్ర కులాల్లో, వాళ్లను చూసి వాతలు పెట్టుకున్న ఇతర కులాల్లో, మారు మనువు లేదు. అంటే కనగల వయసులో ఉన్న స్త్రీలు పెద్ద సంఖ్యలో కనకుండా ఉండిపోయారు. ఎవరూ తలపెట్టని కుటుంబ నియంత్రణ అది. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన మనసులో జనాభా ఆలోచన ఉండి ఉండదు. ఆ దురాచారానికి జననాల రేటుతో ఉన్న ముడిని పట్టికల్లో చూపినవాడు డేవిస్.

ఈ ఆలోచనే 1956లో ఒక చట్రంగా తయారైంది. ఆ చట్రం మీద రెండు పేర్లున్నాయి. డేవిస్, జుడిత్ బ్లేక్. ఆమె ఆయన భార్య, జనాభా శాస్త్రంలో తనంతట తాను గట్టి పేరున్న విదుషి. వాళ్లు చెప్పింది సాదాసీదా మాటే. మతం, కులం, పేదరికం, చదువు, ఏదైనా సరే, నేరుగా వచ్చి బిడ్డను పుట్టించదు, ఆపదు. మధ్యలో 11 మెట్లున్నాయి. ఏ వయసులో కాపురం మొదలైంది, అసలు పెళ్లే కాలేదా, భర్త పోయాక మళ్లీ పెళ్లయిందా, ఎడబాటు ఎంత, గర్భనిరోధకం వాడారా, గర్భం నిలిచిందా, తీయించుకున్నారా, ఇలాంటివి. ఏ ఆచారం ప్రభావమైనా వీటిలో ఏదో ఒక మెట్టు మీదుగా దిగి రావలసిందే. అది చదివాక, ఫలానా మతం వాళ్లు ఎక్కువ కంటారు అనే మాట ఎవరైనా అంటే, ఏ మెట్టు మీదుగా అని అడగాలనిపిస్తుంది. 1978లో జాన్ బొంగార్ట్స్ ఈ మెట్లను తగ్గించి, ఒక్కోదానికీ అంకె కట్టే పద్ధతి తెచ్చాడు. ఇవాళ జననాల రేటు మీద జరిగే సర్వేలు దాదాపుగా ఆ పునాది మీదే నడుస్తున్నాయి. డేవిస్ రాసినవాటిలో దేనికి ఆయుష్షు ఎక్కువ అంటే నేను దీన్నే చెబుతాను.

అదే కాలంలో ఆయన చెప్పిన ఉమ్మడి కుటుంబ సిద్ధాంతం అంత అదృష్టానికి నోచుకోలేదు. ఉమ్మడి కుటుంబంలో పిల్లల పెంపకం ఖర్చు అమ్మానాన్నల మీదే పడదు, వయసొచ్చి సంపాదించేదాకా ఆగకుండా పెళ్లి చేసెయ్యొచ్చు, కాబట్టి అక్కడ పిల్లలు ఎక్కువ పుడతారు అన్నాడు. కాగితం మీద బాగుంది. మన దేశంలో ఇళ్లకు వెళ్లి అడిగినవాళ్లకు తేలింది వేరు. వేరు కాపురాల్లో కంటే ఉమ్మడి ఇళ్లలోనే పిల్లలు తక్కువని బెంగాల్‌లో మోని నాగ్ వంటివారు చూపించారు. పది మంది పడుకునే ఇంట్లో భార్యాభర్తలకు ఏకాంతం ఎక్కడిది, అత్తగారి కన్ను ఒకటి. తన చట్రంలో ఎడబాటు అనే మెట్టు ఉండి కూడా డేవిస్ అక్కడ దాన్ని దాటేసి వెళ్లాడు.

1963లో ఆయన జపాన్ వైపు తిరిగాడు. యుద్ధం అయ్యాక, 1947లో వెయ్యి మందికి 34 ఉన్న జననాల రేటు పదేళ్లలో 17కు పడిపోయింది. అందరూ గర్భస్రావాల చట్టం వల్ల అన్నారు. డేవిస్ ఇంకాస్త వెనక్కి వెళ్లి చూశాడు. జపాన్‌వాళ్లు ఒక్క దారిని పట్టుకోలేదు. పెళ్లిళ్లు ఆలస్యం చేశారు, వలస వెళ్లారు, నిరోధకాలు వాడారు, ఆపరేషన్లు చేయించుకున్నారు, గర్భాలు తీయించుకున్నారు. ఐరోపా కూడా అంతే చేసింది, ఐర్లాండ్‌లో పెళ్లి మానుకుని, ఓడలెక్కి. అన్ని దారులూ ఒకేసారి తొక్కారంటే వెనక తరుముతున్నది ఒకటి ఉండాలి. అది ఆకలి కాదన్నాడాయన. దేశం ఎదుగుతోంది, పిల్లలు దక్కుతున్నారు, ఆస్తి పంచితే ముక్కలవుతుంది, పక్కింటివాడు పైకెక్కుతున్నాడు. లేమి కంటే వెనకబడిపోతామన్న భయమే పిల్లల సంఖ్యను తగ్గించింది. లేమే జనాభాను అదుపు చేస్తుందన్న మాల్థస్ మాటకు ఇది దాదాపు ఎదురు. నాకు డేవిస్ రాసినవాటిలో అన్నిటికంటే పదునుగా కనిపించేది ఈ వ్యాసమే. 1966లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికైన తొలి సోషియాలజిస్టు ఆయనే.

ఇక్కణ్ణుంచి చూస్తే 1967 వ్యాసం ఎక్కడిదో అర్థమవుతుంది. కోరిక మారితే జనం ఏదో ఒక దారి వెతుక్కుంటారు. కోరిక మారకపోతే ఎన్ని దారులు వేసినా నడవరు. మరి కోరికను మార్చేదేమిటి? పెళ్లి వయసు పెంచడం, ఆడవాళ్లకు ఇంటి బయట ఉద్యోగాలు, పిల్లలున్నవాళ్లకు ఇచ్చే పన్ను రాయితీలు తీసెయ్యడం, పెళ్లి లైసెన్సు రుసుము పెంచడం, గర్భస్రావం ఖర్చు ప్రభుత్వమే భరించడం, ఇలా ఆయన దగ్గర చాలా జవాబులున్నాయి. కొన్ని ఇవాళ స్త్రీవాదుల నోట విన్నట్టుంటాయి, కొన్ని వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1969లో బెర్నార్డ్ బెరల్సన్ అదే 'సైన్స్' పత్రికలో ఇలాంటి సలహాలన్నీ ఒక్కచోట పేర్చి, ఏది జరిగే పని, ఏది నీతికి నిలుస్తుంది అని అడిగి, చాలావాటిని పక్కన పెట్టాడు. డేవిస్ వాడిన 'సున్నా జనాభా వృద్ధి' అనే మాటను పేరుగా పెట్టుకుని పాల్ ఎర్లిక్ తదితరులు 1968లో ఒక సంస్థే ప్రారంభించారు.

ఆ 1967లోనే ఢిల్లీలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయినవాడు జనాభా శాస్త్రవేత్త, రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసినవాడు. ఆపరేషన్ చేయించుకుంటే ట్రాన్సిస్టర్ రేడియో ఇవ్వాలన్న ఆలోచన ఆయనదే. ముగ్గురు పిల్లలున్న తండ్రులకు ఆపరేషన్ తప్పనిసరి చెయ్యాలన్న ప్రతిపాదన కూడా ఆయన నుంచి వచ్చింది, అప్పటికి ఆగిపోయింది. కుటుంబ నియంత్రణ గుర్తుగా ఎర్ర త్రికోణం గోడలకెక్కిన రోజులవి. డేవిస్ అడిగిన ప్రశ్నకు రేడియో జవాబు కాదు. పాటలు వినాలన్న కోరిక పుట్టిస్తుందేమో గానీ పిల్లలు చాలన్న కోరిక పుట్టించదు.

తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు, నాలుగింట మూడు వంతులు మగవాళ్లవి. డేవిస్ అది చెయ్యమనలేదు. ఆపరేషన్ల లెక్కతో మురిసిపోవద్దనే ఆయన పదేళ్ల ముందు మొత్తుకున్నాడు. అయితే ఒకటి చెప్పాలి. కనే స్వేచ్ఛ ముట్టరానిదేమీ కాదన్న మాట మేధావుల నోట పదే పదే వినబడుతున్నప్పుడు, లాఠీ ఉన్నవాడు ఆ మాటను తనకు కావలసినట్టే వింటాడు. దెబ్బ తగిలింది మగవాళ్లకు, ప్రభుత్వానికి ఓట్లు పోయాయి. ఆ తర్వాత ఆ భారం మొత్తం ఆడవాళ్ల మీదకు మారింది, ఇప్పటికీ దిగలేదు.

ఆ తర్వాత తెలుగు నేల మీద జరిగింది డేవిస్ లెక్కలో లేనిది. ఆయన చెప్పిన షరతులు మూడు: పెళ్లి ఆలస్యం కావాలి, ఆడవాళ్లు చదవాలి, బయటి ఉద్యోగాలు చెయ్యాలి. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీల అక్షరాస్యత 33 శాతం లోపే. పెళ్లిళ్లు పదహారు, పదిహేడుకే. ఆడవాళ్లు పొలం పనికి ఎప్పుడూ వెళ్తూనే ఉన్నారు, దాన్ని ఆయన ఉద్యోగం కింద లెక్కపెట్టి ఉండడు. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే సంతాన సాఫల్య రేటు, అంటే ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య, 2.6కు దిగింది. 2005-06కు 1.8. అంటే ఒక తరం ఇంకో తరాన్ని భర్తీ చేసుకోవడానికి కావలసిన 2.1 కంటే తక్కువ. కేరళకు చదువు ఉంది, తమిళనాడుకు పెరియార్ ఉన్నాడు, ఆంధ్రకు ఏముంది అని పరిశోధకులు తల గోక్కున్నారు. కె.ఎస్. జేమ్స్ 1999లో ఈ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాశారు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ రేటు 1.7, తెలంగాణది 1.8. అదే సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. పదిహేడుకు పెళ్లి, ఇరవై ఒకటికి ఇద్దరు పిల్లలు, ఇరవై మూడుకు ఆపరేషన్. పెళ్లి వయసు మెట్టు కదలకుండానే పని అయిపోయింది. మన ఊళ్లలో ఒకావిడ ఇంకొకావిడను 'ఆపరేషన్ అయిందా?' అని అడిగితే అది కంటిదా, కడుపుదా అని ఎవరూ అడగరు.

మరి కోరిక ఎలా మారింది? మా పెద్దమ్మ ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైంది. ఎనభైల్లో టార్గెట్ల కోసం మధ్యాహ్నం ఎండలో ఇల్లిల్లూ తిరిగేది. 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని గోడ మీద ఉండేది. కింద అరుగు మీద ముసలమ్మ కూర్చుని 'మగపిల్లాడు పుట్టాక చూద్దాం పోమ్మా' అని పంపేసేది. నెల తిరిగేసరికి టార్గెట్ కాలేదని పై అధికారి చీవాట్లు. తొంభైల్లోకి వచ్చేసరికి తీరు తిరగబడింది. 'అప్పుడు మేం వాళ్ల చుట్టూ తిరిగాం రా, తర్వాత వాళ్లే మా చుట్టూ తిరిగారు. క్యాంపు ఎప్పుడమ్మా, క్యాంపు ఎప్పుడమ్మా అని' అంటుంది. మధ్యలో ఏం మారిందే పెద్దమ్మా అంటే, కాసేపు ఆలోచించి, 'కాన్వెంటు బస్సొచ్చింది' అంది.

డేవిస్ 1963లో జపాన్ గురించి చెప్పింది ఇదే. పక్కింటి పిల్లాడు టై కట్టుకుని బస్సెక్కుతుంటే మన పిల్లాడు గేదెల వెనక పోవడం చూడలేని మనసు. అమ్మకు చదువు లేకపోయినా పిల్లకు చదువు కావాలన్న కోరిక ఆ పని చేసింది. అంటే 1967 నాటి డేవిస్ ఓడినచోట 1963 నాటి డేవిస్ గెలిచాడు. మహమూద్ మమ్దానీ 1972లో పంజాబు పల్లె మానుపూర్ గురించి రాసినప్పుడు, మర్యాద కోసం మాత్రలు తీసుకుని వాడకుండా పెట్టుకున్న రైతుల్ని చూపించాడు. పొలానికి చేతులు కావాలి, కాబట్టి పిల్లలు కావాలి. రాజకీయంగా ఎదురెదురు గట్టున ఉన్న ఆ ఇద్దరూ ఒకే మాట అన్నారు: జనానికి తెలియక కాదు, వాళ్ల లెక్క వాళ్లకుంది. ఆ లెక్కను ప్రభుత్వం పైనుంచి సరిచెయ్యొచ్చని డేవిస్ నమ్మాడు. మమ్దానీ నమ్మలేదు.

డేవిస్ 1977లో బర్కిలీ వదిలి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, 1981 నుంచి స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థకు వెళ్లాడు. చివరి ఏళ్లలో అమెరికాకు వలసలు తగ్గాలన్నాడు. మూడు కోట్ల మంది కూలీల రాకపోకల్ని అంత ఓపికగా లెక్కగట్టిన మనిషి అలా తలుపు మూయమనడం నాకు కొరుకుడు పడదు. 1986లో ఆయన సహ సంపాదకుడిగా వచ్చిన సంకలనం, సంపన్న దేశాల్లో జననాలు భర్తీ స్థాయి కంటే తగ్గిపోవడం మీద. చిత్రమేమిటంటే ఇది ఆయనకు కొత్త విషయం కాదు. 1937లో, జనాభా తగ్గిపోతోందని పడమటి దేశాలు బెంగపెట్టుకున్న రోజుల్లో, ఆధునిక సమాజానికీ పాత కుటుంబానికీ పొసగదు, పిల్లలు తగ్గక తప్పదని యువ డేవిస్ రాశాడు. మధ్యలో విస్ఫోటనం గురించి మాట్లాడిన నలభై ఏళ్లు వచ్చిపోయాయి. 1997 ఫిబ్రవరి 27న స్టాన్‌ఫర్డ్‌లో చనిపోయేనాటికి ఆయనకు 88.

ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా పోటీ చెయ్యకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం అంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నాడు. ఆ వార్త మా పెద్దమ్మకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, 'ఫీజులు వాళ్లు కడతారటనా?' అంది.